క్షమించే దేవుడంటే భయమెందుకు?

ప్రశ్న:

అక్కా, వందనాలు. నాకు 32 ఏళ్లు. విశ్వాసుల ఇంట్లోనే పుట్టి పెరిగాను. చిన్నప్పుడు ఏ అల్లరి చేసినా అమ్మ "దేవుడు చూస్తున్నాడు, కొడతాడు" అనేది. ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. పొద్దున ప్రార్థన చేయకుండా ఇంట్లోంచి బయల్దేరితే ఆ రోజంతా టెన్షనే. పాపకి జ్వరం వస్తే నేనేం పాపం చేశానా అని వెతుక్కుంటాను. ఒప్పుకున్న పాపాన్నే మళ్లీ మళ్లీ ఒప్పుకుంటూ ఒక్కోసారి రాత్రి రెండింటి దాకా కూర్చుంటాను. మా వారేమో "మనం కృప కింద ఉన్నాం, ప్రేమలో భయముండదని రాసి లేదా" అంటారు. ఆయన మాట విని మూడు నెలలు భయాన్ని పక్కన పెట్టి చూశాను. భయంతోపాటు ప్రార్థనా పోయింది, వాక్యం చదవడమూ పోయింది. ఆఫీసులో నా ఆలస్యం కనపడకుండా ఒక ఫైల్లో తేదీ మార్చాను, మాట ఇంకొకామె మీదికి పోయింది, అది చిన్న విషయమే అనుకోండి. ఇప్పుడు పాత భయం రెట్టింపై తిరిగొచ్చింది. అసలు దేవునికి భయపడాలా, వద్దా? భయపడమనీ ఉంది, భయపడొద్దనీ ఉంది, ఏది నమ్మాలి? మా పాపకి ఏడేళ్లు. అమ్మ మాటే నేనూ దానికి చెబుతున్నానని ఈమధ్యే గమనించాను. రాత్రి లైటు తీసేస్తే అది పడుకోవడం లేదు. దయచేసి నా పేరు వేయకండి.
– ఒక సోదరి

సమాధానం:

చెల్లీ, వందనాలు.

పైన కుదించి వేశాం గానీ, నువ్వు రాసిన అసలు ఉత్తరంలో తప్పిపోయిన ప్రార్థనల గురించి దాదాపు రెండు పేజీలున్నాయి. ఆఫీసు ఫైల్లో మార్చిన తేదీ గురించి ఉన్నది ఒక్క వాక్యం. దాని దగ్గరికి తర్వాత వస్తాను. నువ్వు మాత్రం అప్పటిదాకా దాన్ని మర్చిపోకు.

భయపడమనీ భయపడొద్దనీ వేర్వేరు చోట్ల ఉన్నాయని నువ్వంటున్నావు. నిజానికి ఒకే వచనంలో రెండూ ఉన్న చోటు ఉంది. సీనాయి కొండ పొగ కక్కుతోంది, ఉరుములు, మెరుపులు, బూర ధ్వని. జనం వణికిపోయి దూరంగా నిలబడ్డారు. అప్పుడు మోషే వాళ్లతో "భయపడకుడి" అన్నాడు. అదే నోటితో, మీరు పాపం చేయకుండా ఉండేలా ఆయన భయం మీకు కలగాలనే దేవుడు వచ్చాడని కూడా అన్నాడు (నిర్గమకాండము 20:20). హెబ్రీలో ఆ రెండు చోట్లా ఉన్నది ఒకే ధాతువు నుంచి వచ్చిన మాట. అంటే మోషే ఒక భయాన్ని తీసేసి ఇంకో భయాన్ని ఇస్తున్నాడు. ఆ తర్వాతి వచనం చూడు. జనం దూరంగానే ఉండిపోయారు, మోషే మాత్రం దేవుడున్న గాఢాంధకారంలోకి నడిచాడు. కొండ అదే, దేవుడూ ఆయనే. ఒక భయం కాళ్లను వెనక్కి లాగింది, ఒకటి ముందుకు నడిపించింది.

బైబిల్లో భయం అన్న మాట మొదట వినపడేది ఆదాము నోట. "భయపడి దాగుకొంటిని" అంటాడు. యేసు చెప్పిన తలాంతుల ఉపమానంలో యజమాని వ్యాపారం చేయమని ఇచ్చిన ఒక్క తలాంతు (పెద్ద మొత్తం డబ్బు) తీసుకున్న దాసుడూ ఇదే చేశాడు. నువ్వు కఠినుడవని నాకు తెలుసు, అందుకే భయపడి నీ డబ్బును భూమిలో దాచానన్నాడు. ఒకడు తనను దాచుకున్నాడు, ఇంకొకడు డబ్బును దాచాడు. యజమాని కఠినుడనే నమ్మకం ఆ దాసుణ్ణి మరింత నమ్మకస్తుణ్ణి చేయలేదు సరికదా, ఉన్న పని కూడా మానేశాడు. నీ ఉత్తరం చదువుతుంటే నాకు గుర్తొచ్చింది వీళ్లిద్దరే.

ఇప్పుడు నువ్వు బాగా నెమ్మదిగా చదవాల్సిన వచనం ఒకటి చెబుతాను. 130వ కీర్తన, మూడు నాలుగు వచనాలు. దేవా, నువ్వు దోషాలను లెక్కపెట్టి చూస్తే ఎవరు నిలవగలరు అని మొదలుపెట్టి ఇలా అంటుంది: "అయినను జనులు నీయందు భయభక్తులు నిలుపునట్లు నీయొద్ద క్షమాపణ దొరుకును." చాలామంది దీన్ని చదివేసి దాటిపోతారు, నేనూ చాలా ఏళ్లు అలాగే దాటిపోయాను. మన లెక్క ప్రకారం ఇక్కడ ఏం ఉండాలి? "జనులు నీకు భయపడునట్లు నీయొద్ద దండన కలదు" అని ఉండాలి. లేదంటే "జనులు ఇక భయపడకుండునట్లు క్షమాపణ దొరుకును" అని ఉండాలి. ఈ రెండూ లేవు. క్షమాపణ దొరుకుతుంది కాబట్టి భయం పుడుతుందట.

దెబ్బల భయమే దైవభయమైతే, క్షమాపణ దొరకగానే అది తగ్గిపోవాలి. ఇక్కడ మాత్రం క్షమాపణతోనే అది మొదలవుతోంది. కాబట్టి అది దెబ్బల భయం కాదు, దాని జాతే వేరు.

నీకు ఎప్పుడైనా ఇలా జరిగిందేమో గుర్తు చేసుకో. నువ్వు ఒకరి విషయంలో పెద్ద తప్పే చేశావు. వాళ్లకి మొత్తం తెలిసిపోయింది. తిడతారని, మొహం మీద తలుపు వేస్తారని వెళ్లావు. వాళ్లు విని, కాసేపు ఊరుకుని, సరే పోనీలే అన్నారు. ఆ రోజు నుంచి వాళ్లను మళ్లీ నొప్పించాల్సి వస్తుందేమోనని నీకు ఒక జంకు. తిట్టేవాళ్ల దగ్గర ఎలాగో తప్పించుకోవచ్చు, అబద్ధం చెప్పి బయటపడొచ్చు. అన్నీ తెలిసి క్షమించినవాళ్ల ముందు ఆ తెలివితేటలేవీ పనిచేయవు. తెలుగు బైబిలు అనువదించినవాళ్లు చాలా చోట్ల ఉత్త భయం అనకుండా "భయభక్తులు" అన్నారు. హెబ్రీలో ఉన్నది ఒకే మాట, మనకి రెండు కలిపితే గానీ ఆ అర్థం రాలేదు. నాకు ఆ జంట మాట చాలా ఇష్టం. విడదీస్తే రెండూ పాడవుతాయి.

మార్కు నాలుగో అధ్యాయంలో శిష్యుల సంగతి ఇలాంటిదే. తుపానులో పడవ నీళ్లతో నిండుతుంటే భయపడ్డారు, అది సహజం. యేసు గాలిని గద్దించాక సముద్రం నిమ్మళించింది. ప్రమాదం తప్పింది కదా, భయం పోవాలి. "వారు మిక్కిలి భయపడి" ఈయన ఎవరో అని ఒకరితో ఒకరు చెప్పుకున్నారని మార్కు రాశాడు. చావు తప్పాక కలిగిన భయం అది. అయినా ఎవరూ పడవ దిగి పారిపోలేదు.

నీకున్న చిక్కే ఐదో శతాబ్దం తొలి ఏళ్లలో ఉత్తర ఆఫ్రికాలో బిషప్పుగా ఉన్న ఆగస్టీన్‌కూ ఎదురైంది. యోహాను పత్రిక మీద ప్రసంగాలు చేస్తూ ఆయన సరిగ్గా ఈ ప్రశ్నే వేసుకున్నాడు: ప్రేమలో భయముండదని యోహాను అంటుంటే, యెహోవాయందైన భయం నిత్యం నిలుస్తుందని 19వ కీర్తన అంటుందేమిటి? దానికి ఇద్దరు భార్యల పోలిక చెప్పాడు. ఇద్దరికీ భర్త అంటే భయమే. తప్పుదారిలో ఉన్నామెకు ఆయన ఎక్కడ వచ్చేస్తాడోనని భయం. భర్తను ప్రేమించే ఆమెకు ఆయన ఎక్కడ దూరమైపోతాడోనని భయం. యోహాను వెళ్లగొట్టమన్నది మొదటి భయాన్ని, కీర్తనకారుడు నిలుస్తుందన్నది రెండోదాన్ని. యోహాను మాట ముందు వచనంతో కలిపి చదివితే నీకే తెలుస్తుంది. అక్కడ విషయం తీర్పుదినమున ధైర్యం. వెంటనే "భయము దండనతో కూడినది" అని ఆయనే చెప్పాడు. ఏ భయం గురించి మాట్లాడుతున్నాడో దాచలేదు.

అదే ప్రసంగంలో ఆగస్టీన్ చెప్పిన ఇంకో పోలిక మీ అమ్మగారి కోసం రాస్తున్నాను. కుట్టేటప్పుడు ముందు సూది దిగుతుంది, దాని వెనకే దారం వస్తుంది. సూది బయటికి రాకపోతే దారం రాదు. భయం సూది, ప్రేమ దారం. మీ అమ్మ తనకు తెలిసిన పద్ధతిలో నీలో సూది దించింది. అందుకు ఆవిడ మీద కోపం పెట్టుకోకు. నీ కష్టమంతా ఆ సూది ఇన్నేళ్లుగా గుడ్డలోనే ఉండిపోవడం.

ఇక పాప జ్వరం సంగతి. ఇక్కడ మన తెలుగు మాటే మనల్ని కొంత తికమక పెడుతుంది. రోమా 8:1లో క్రీస్తుయేసునందున్నవారికి "ఏ శిక్షావిధియు లేదు" అని ఉంది. హెబ్రీ 12లో ప్రభువు తాను ప్రేమించువానిని శిక్షిస్తాడని ఉంది. శిక్ష లేదంటాడు, మళ్లీ శిక్షిస్తానంటాడు అనిపిస్తుంది. గ్రీకులో ఇవి పూర్తిగా వేరు మాటలు. రోమాలో ఉన్నది కోర్టు మాట, నేరస్థుడి మీద వెలువడే తీర్పు. హెబ్రీ పత్రికలో ఉన్నది ఇంటి మాట, పిల్లల్ని పెంచి దారిలో పెట్టడం. మనకూ శిక్ష, శిక్షణ ఒకే చోట పుట్టినవే కదా, ఒకదాన్ని జైలుకీ ఇంకోదాన్ని బడికీ పంచేశాం. హెబ్రీ పత్రిక చెప్పే పెంపకం మెత్తగా ఉంటుందని నేననను, ఆ వచనంలోనే "దండించును" అని కూడా ఉంది. అయితే అది కుమారుడికి జరిగేది. కోర్టు ఫైలు సిలువ దగ్గర మూసేశారు, దాన్ని మళ్లీ తెరిచి నీ పాప ఒంటి మీద వసూలు చేసుకోవడం ఆయన పని కాదు.

పైగా ప్రతి జబ్బు వెనకా ఒక పాపం వెతికే అలవాటును యేసు రెండుసార్లు ఆపాడు. పుట్టు గుడ్డివాడి విషయంలో వీడా, వీడి తల్లిదండ్రులా, ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే ఇద్దరూ కాదన్నాడు. సిలోయములో గోపురం పడి చనిపోయిన 18 మంది మిగతావాళ్లకంటే పాపులు కారన్నాడు. అక్కడే మారుమనస్సు పొందకపోతే మీరూ నశిస్తారని హెచ్చరించాడు కూడా, దాన్ని దాచి చెప్పడం న్యాయం కాదు. ఆ హెచ్చరిక చూస్తున్నవాళ్లందరికీ. పోయినవాళ్ల మీద తీర్పు చెప్పే అధికారం మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. జ్వరం వస్తే మందు వెయ్యి, ప్రార్థన చెయ్యి, పక్కన కూర్చో.

మీ వారి మాటకొస్తే, ఆయన చెప్పిన వచనం సరైనదే, వాడిన తీరు సగం. "మీరు కృపకే గాని ధర్మశాస్త్రమునకు లోనగువారు కారు" అన్నాడు పౌలు, నిజమే. ఆ వాక్యం మొత్తం చదివితే, అందువల్ల పాపం మీమీద ప్రభుత్వం చేయదని ఉంటుంది (రోమా 6:14). కృప కింద ఉండటమంటే యజమాని మారడం. యజమానే లేకపోవడమని పౌలు ఎక్కడా అనలేదు. తీతు పత్రికలో కృప మనకు "బోధిస్తుంది" అని రాశాడు, భక్తిహీనతను విడిచి స్వస్థబుద్ధితో బతకమని. అక్కడ వాడిన గ్రీకు మాట, ఇందాక హెబ్రీ 12లో చెప్పిన పిల్లల శిక్షణ మాట, ఒకే కుటుంబానివి. అంటే మీ ఇంట్లో మీరిద్దరూ రెండు గదుల్లో పెట్టుకున్న కృపా, శిక్షణా పౌలు దగ్గర ఒకటే. పేతురు ఇంకా సూటిగా అంటాడు: మీరు తండ్రీ అని పిలిచేవాడు పక్షపాతం లేకుండా తీర్పు తీర్చేవాడు, కాబట్టి భయంతో గడపండి. ఎందుకో వెంటనే చెబుతాడు, వెండి బంగారాలతో కాదు, అమూల్యమైన రక్తంతో మీరు విమోచింపబడ్డారు. ఎంత ఖర్చయిందో తెలిసినవాడి భయం అది. మీ వారికి ఇవన్నీ నువ్వు ప్రసంగంలా చెప్పకు. ఇద్దరూ ఒక రాత్రి కూర్చుని పేతురు మొదటి పత్రిక మొదటి అధ్యాయం చదవండి, చాలు.

ఇప్పుడు ఆ తేదీ.

లేవీయకాండము 19:14లో ఒక ఆజ్ఞ ఉంది. చెవిటివాణ్ణి తిట్టకూడదు, గుడ్డివాడి ఎదుట అడ్డం వేయకూడదు, "నీ దేవునికి భయపడవలెను." దైవభయాన్ని తెచ్చి ఎక్కడ పెట్టాడో చూడు. చెవిటివాడికి నీ తిట్టు వినపడదు. గుడ్డివాడికి అడ్డం పెట్టిందెవరో కనపడదు. పట్టుబడే అవకాశమే లేని చోట, తిరిగి ఏమీ అనలేని మనిషి ముందు, నీ చేతిని ఆపేది దైవభయం. ఆ పుస్తకంలో దేవునికి భయపడమనే మాట మళ్లీ మళ్లీ ఇలాంటి చోట్లే వస్తుంది: ముసలివాళ్ల ముందు, చితికిపోయిన సహోదరుడి ముందు, కింద పనిచేసే దాసుడి ముందు.

ఆ ఫైలు విషయంలో ఆమెకు ఏం జరిగిందో తెలియదు. తేదీ మార్చింది నువ్వని కనిపించలేదు. లేవీయకాండం చెప్పిన గుడ్డివాడి స్థానంలో ఉన్నది ఆమె. రెండు పేజీల నిండా నిన్ను వణికించిన భయం ఆమె దగ్గరికి రాగానే "చిన్న విషయమే అనుకోండి" అని ఊరుకుంది. నిన్ను నిందించడానికి అనడం లేదు చెల్లీ, దండన భయం అందరిలోనూ ఇలాగే పనిచేస్తుంది. దానికి తన చర్మమే ముఖ్యం. ప్రార్థన తప్పితే దెబ్బ నాకు తగులుతుందేమో అని చూస్తుంది, నావల్ల దెబ్బ తిన్నవాళ్లు దానికి కనపడరు.

కాబట్టి నేను చెప్పేది ఇదే. వెళ్లి పై అధికారికి నిజం చెప్పు. ఆమెకు కూడా చెప్పు, క్షమాపణ అడుగు. మందలింపు రావచ్చు, అంతకంటే ఎక్కువే రావచ్చు, రాదని నేను మాట ఇవ్వలేను. ఫరో రాజు మగపిల్లల్ని చంపమంటే షిఫ్రా, పూయా అనే మంత్రసానులు చంపలేదు, ఎందుకంటే వాళ్లు దేవునికి భయపడ్డారని ఉంది. (తర్వాత ఫరోకు వాళ్లు చెప్పిన జవాబు ఎంతవరకు నిజమో వేరే చర్చ, నువ్వు దాన్ని ఆదర్శంగా తీసుకోకు!) పెద్ద భయం ఒకటి ఉంటే చిన్న భయాలకు చోటుండదు. నువ్వు తేదీ మార్చిన రోజు దేవుడంటే భయం ఎక్కువై మార్చలేదు, పై అధికారి అంటే భయమేసి మార్చావు.

రాత్రి రెండింటి దాకా సాగే ఒప్పుకోలు గురించి. ఆఫీసు విషయం చక్కబెట్టాక కూడా ఎప్పుడో ఒప్పుకున్న పాత పాపాలే తిరిగి తిరిగి వస్తుంటే, మళ్లీ ఒప్పుకోకు. ఒక్కసారి ఒప్పుకున్నదానికి రెండోసారి కృతజ్ఞత మాత్రమే చెప్పు, పైకి వినపడేలా. నీలాంటి బాధ ప్రొటెస్టెంటు సంస్కరణ మొదలుపెట్టిన మార్టిన్ లూథర్‌కూ ఉండేది. 1505లో పిడుగుపాటుకు హడలిపోయి సన్యాసినవుతానని మొక్కుకుని మఠంలో చేరాడు, అక్కడ గంటల తరబడి ఒప్పుకోలు చేసి వినేవాళ్లను విసిగించాడు. ఇంత చెప్పినా మనసు ఆగకపోతే, నిద్ర పోతుంటే, అదే ఆలోచన నీ అదుపు లేకుండా రోజూ తిరుగుతుంటే, మానసిక వైద్యుణ్ణి కలువు. ఒక రకం ఆందోళన జబ్బు భక్తి వేషం వేసుకుని వస్తుంది, దానికి చికిత్స ఉంది. కళ్లద్దాలు పెట్టుకోవడం విశ్వాసలోపం కానట్టే ఇదీ కాదు.

పొద్దున ప్రార్థన తప్పిన రోజు మధ్యాహ్నం చెయ్యి. ఇంతకంటే దాని గురించి రాయడానికేమీ లేదు.

చివరగా పాప. 34వ కీర్తనలో దావీదు పిల్లల్ని పిలిచి, రండి, దేవుని భయభక్తులు మీకు నేర్పుతానంటాడు. అది ఏ సందర్భంలో రాశాడో ఆ కీర్తన శీర్షికలోనే ఉంది. శత్రు రాజు దగ్గర ప్రాణభయంతో పిచ్చివాడిలా నటించి, తలుపుల మీద గీతలు గీసి, గడ్డం మీద చొల్లు కార్చుకుని బయటపడిన తర్వాత. అంత పరువు తక్కువగా భయపడినవాడు నాకు కలిగిన భయాలన్నిటిలోంచి ఆయన నన్ను తప్పించాడని ముందు చెప్పుకుని, ఆ తర్వాతే పిల్లలకు పాఠం మొదలుపెట్టాడు. పాఠం కూడా చూడు, దెబ్బలతో మొదలవలేదు: నాలుకను చెడు నుంచి కాచుకో, కపటంగా మాట్లాడకు, సమాధానాన్ని వెతుకు. అంత హడలిపోయిన లూథర్ కూడా 1529లో పిల్లల కోసం ఆజ్ఞలు వివరిస్తూ భయం అన్న మాటను తీసేయలేదు, దాని పక్కనే ప్రేమను పెట్టి ప్రతి ఆజ్ఞ దగ్గరా రెండూ కలిపి రాశాడు.

నువ్వు ఆఫీసులో నిజం చెప్పి వచ్చిన రోజు, పాపకి అర్థమయ్యే మాటల్లో ఆ సంగతి చెప్పు. అమ్మ తప్పు చేసింది, వెళ్లి చెప్పింది, భయమేసింది అని. అది దానికి గుర్తుండిపోతుంది.

"దేవుడు చూస్తున్నాడు" అన్న మాట మాత్రం మానేయకు, వేళ మార్చు. గ్లాసు పగిలినప్పుడు అనకు, పడుకోబెట్టేటప్పుడు అను. బైబిల్లో "చూచుచున్న దేవుడవు నీవే" అని ఆయనకు పేరు పెట్టింది హాగరు. యజమానురాలు పెట్టే బాధలు పడలేక, కడుపుతో ఎడారిలోకి పారిపోయి నీటి ఊట దగ్గర ఒంటరిగా కూర్చున్న దాసి. ఎవరూ చూడని చోట ఆయన తనను చూశాడని ఆమెకు అంత సంతోషం. ఈ రాత్రి పాపకి ఆ కథ చెప్పు. లైటు నిద్ర పట్టేదాకా ఉండనివ్వు.